గుడ్డులో నల్లముద్ద

కాకినాడ మార్చురీలో హరిబాబు శవం నోటినిండా కొమ్ముపురుగులు కుక్కి ఉన్నాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి. ఏజెంట్ విజయ్ పాల్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. హరిబాబు తమ ఇన్ఫార్మరు.

"వీటిని ఒక విదేశీ ముఠా ల్యాబ్‌లో తయారుచేసింది," అంది చీఫ్ రత్నమాణిక్యం. "గుడ్డుగా ఎదిగే కణంలో రైబోజోమ్ జీన్ కాపీలు వందల్లో ఉండాలి. వీటిలో లక్షల్లో ఉన్నాయి. కాపీలు పెరిగితే ప్రోటీన్ తయారీ పెరుగుతుంది, గుడ్లు పుట్టలుగా పుట్టుకొస్తాయి. ఇవి జంగారెడ్డిగూడెం తోటల్లోకి వెళ్తే పామాయిల్ చెట్టుకి మొవ్వు చిగురు మిగలదు."

"గుర్తుపట్టేదెలాగండి?"

"గుడ్డు కణానికి రంగు వేసి చూడు. న్యూక్లియస్ లోపల ఒక పక్కన నల్లటి ముద్ద కనిపిస్తుంది. ఆ కాపీలన్నీ అక్కడే పోగుపడతాయి. ముఠాలో మన మనిషి డాక్టర్ సారిక, ఆ తోటలోనే కలుస్తుంది. వెళ్ళు."

మర్నాడు విజయ్ పాల్ మాసిన లుంగీతో, లారీ క్లీనర్ వేషంలో జంగారెడ్డిగూడెం తోట చేరాడు. కుళ్ళిన ఎరువు లారీ పక్కన పట్టుచీరలో ఒకావిడ నిలబడి ఉంది. ఆ కంపులో ఆమె సెంటు వాసన మరీ వెగటుగా ఉంది.

"గెల పండిందాండీ?" కోడ్ వర్డ్ అన్నాడు.

"కోతకొచ్చిందండి," అంది సారిక. "పురుగులన్నీ ఈ లారీలోనే ఉన్నాయి. తగలబెట్టించెయ్యండి." గబగబా తన కారు వైపు నడిచింది.

విజయ్ పాల్ ఎరువులో చెయ్యి పెట్టి ఒక ఆడపురుగును లాగాడు. గోటితో పొట్ట చీల్చాడు. పచ్చటి జిగురు వేళ్ళకంటింది. లుంగీకి తుడుచుకున్నాడు. గుడ్డు కణాల మీద రంగుచుక్క వేసి, ఫోనుకు బిగించిన లెన్స్‌లో చూశాడు.

నల్లముద్ద లేదు. మామూలు పురుగు.

తలెత్తేసరికి సారిక కారులోంచి ఐస్‌బాక్స్ దించి చెట్ల మధ్యకి పోతోంది. పరుగెత్తాడు.

"అసలు పురుగులు ఇందులోనా? హరిబాబుని చంపింది మీరేనాండీ?"

"మొహం అలా పెట్టకండి. మీ హరిబాబు కంటే పురుగులే శుభ్రం," అంటూ ఆమె మూత ఎత్తింది.

అతను బోర్లా బాక్స్ మీద పడ్డాడు. చొక్కాలోకి గరుకు కాళ్ళు పాకాయి. పళ్ళు బిగించి ఒక్కొక్కదాన్నీ ఛాతీకి అదిమి నలిపాడు. రెండో చేత్తో జేబులోని గ్యాస్ పెన్ను నొక్కి బాక్సులోకి విషవాయువు వదిలాడు. లోపల గరగర ఆగిపోయింది. వెనకే వచ్చిన రత్నమాణిక్యం బృందం సారికకు బేడీలు వేసింది.

"ఒక్కటైనా ఎగిరిందా?" అడిగింది చీఫ్.

"లేదండి. బయటికొచ్చినవన్నీ నా చొక్కాలోనే చచ్చాయి."

"శభాష్. పద, రాజమండ్రిలో రొయ్యల వేపుడు చెప్పించాను."

విజయ్ పాల్ చొక్కా దులిపాడు. ఒక కాలు రాలిపడింది.

"కాళ్ళున్నవేవీ వద్దండి," అన్నాడు. "పెరుగన్నం చెప్పండి."