ప్యాకేజీలో లేని చప్పుడు

గెస్టులొచ్చేలోపు చేయాల్సిన పనులు ఇవీ.

టెంట్లలో ఏసీలు వెయ్యాలి.

బాత్‌టబ్బుల్లో గులాబీ రేకులు చల్లాలి.

కోళ్లకి మసాలా పట్టించాలి.

సెప్టిక్ ట్యాంకు మూత కనపడకుండా పైన చెక్క స్టేజి వెయ్యాలి. కార్పెట్ పరవాలి.

స్టేజి చుట్టూ లావెండర్ స్ప్రే కొట్టాలి... వాసన చచ్చేదాకా!

గెస్టులొచ్చేశారు. చీకటి పడింది. స్రవంతి ఇంకా స్ప్రే కొడుతూనే ఉంది.

టక్... టక్ టక్...

చెయ్యి ఆగిపోతుంది.

స్టేజి వెనకున్న ట్యాంకు గాలి గొట్టంలోంచి!

"వావ్! బస్తర్ బీట్స్!" రాయ్‌పూర్ నుంచి వచ్చిన చాందిని ఫోన్ ఎత్తుతుంది. "యే భీ ప్యాకేజ్ మే హై క్యా?" ఇదీ ప్యాకేజీలోదేనా అని.

"హై మేడం!" క్యాంపు ఓనరు ధీరజ్ నవ్వుతాడు. "ట్రైబల్ రిహార్సల్!"

చాందిని స్టేజి ఎక్కి ఆ చప్పుడుకి చిందులేస్తుంది. మిగతావాళ్లు వీడియో తీస్తారు.

ఇదీ క్యాంపు! బస్తర్ అడవిలో, జగదల్‌పూర్‌కి అరగంట దూరం. వచ్చేవాళ్లకి అడవి కావాలి, దోమ కుట్టకూడదు. ఈరోజే ఓపెనింగ్. స్రవంతికి ఇది మొదటి ఉద్యోగం.

స్టేజి అంచు కింద ఏదో కనపడుతుంది.

రబ్బరు చెప్పులు...

మంగన్నవి!

పొద్దున ట్యాంకు కడగడానికి దిగిన మనిషి. 'కూలి తీసుకుని ఊరెళ్లిపోయాడు' అన్నాడు ధీరజ్ సార్.

చెప్పులిడిచిపెట్టా?

ఆమె గొట్టానికి నోరు ఆనిస్తుంది. "మంగన్నా!"

"బిడ్డా..." బురదలోంచి వచ్చినట్టుంది ఆ గొంతు. "గాలాడ్తలేదు బిడ్డా... తియ్..."

లావెండరు, మలం, కాలుతున్న కోడి... మూడు వాసనలూ కలిసిపోతాయి. ఆమె లేచి స్టేజి వైపు తిరుగుతుంది.

భుజం మీద చెయ్యి. ధీరజ్!

"నవ్వు. గెస్టులు చూస్తున్నారు."

"సార్, మంగన్న బతికున్నడు!"

"తెలుసు."

తెలుసు!!

"కళ్లు తిరిగి పడ్డాడు. చచ్చాడనుకుని మూతేశా. ఇప్పుడు తీస్తే నేను జైలుకే." బచేలి గనుల ఆఫీసర్ల క్వార్టర్లలో పెరిగిన మెత్తటి మాట. "కాసేపు ఓపిక పట్టు. అదే ఆగిపోతుంది."

'అదే'నంట! మనిషి కాదు... చప్పుడు!

"థూ! నువ్వేం మనిషివిరా!"

స్ప్రే నేరుగా అతని కళ్లలోకి!

ఒక్క ఉరుకులో స్టేజి మీదికి. "దిగుండ్రి! హటో! నీచే ఆద్మీ హై! కింద మనిషున్నడు!"

"సో డ్రమాటిక్, యార్!" చాందిని చప్పట్లు కొడుతుంది. ఎవరో ఈల వేస్తారు.

కార్పెట్ లాగేస్తుంది. పలక ఊడదు... మళ్లీ లాగుతుంది. వేలిగోరు లేచిపోతుంది. రెండో పలక... మూడోది...

మూత!

కడ్డీ పట్టుకుని వెనక్కి పడుతూ లాగుతుంది. మూత జరుగుతుంది.

గప్పున కొడుతుంది కంపు!

ఈలలు ఆగిపోతాయి. చాందిని తన బూట్ల మీదే కక్కుకుంటుంది.

"ఛీ! బంద్ కరో ఉసే!"

మూసెయ్యాలంట! లోపల మనిషున్నాడని తెలిశాక కూడా! స్రవంతికి ట్యాంకు కంపు కంటే ఆ మాటే ఎక్కువ రోత పుట్టిస్తుంది.

పైకి లేస్తుంది ఒక చెయ్యి.

స్రవంతి అందుకుంటుంది, జారుతుంది. మళ్లీ పట్టుకుంటుంది. మణికట్టు దొరుకుతుంది! బోర్లా పడుకుని, పళ్లు బిగబట్టి...

మంగన్న నడుము దాకా బయటికొస్తాడు. ఊపిరి తీస్తాడు. బతికే ఉన్నాడు!

"నీళ్లు... బిడ్డా..."

ఢాం!!

ధీరజ్! కళ్లు ఎర్రగా. పిస్టల్ ఆకాశం వైపు.

"నక్సలీ! భాగో!" ఎవరో అరుస్తారు.

కార్ల లైట్లు. దుమ్ము. అంతా ఖాళీ! ఈ అడవిలో తూటా పేలితే, పేల్చిందెవరని వెనక్కి తిరిగి చూసేవాడుండడు.

ఇక చూసేవాళ్లు లేరు.

ధీరజ్ ఎడం చేతిలో ఫోన్, పోలీసులకి. గొంతు తొణకడం లేదు. "హలో సార్... హమారే క్యాంప్ మే ఏక్ నక్సలీ ఘుస్ ఆయా..." క్యాంపులోకి నక్సలైటు చొరబడ్డాడంట!

పిస్టల్ మంగన్న వైపు దిగుతుంది.

స్రవంతికి అర్థమవుతుంది. ఆ నక్సలైటు మంగన్నే!

"అన్నా, వంగు!" అడ్డం దూకుతుంది.

ఢాం!!

తూటా ఆమెకి తగలదు. ఆమె చేతిలోని మంగన్న చెయ్యి... బరువెక్కిపోతుంది.

రేపు పేపర్లో ఆయనకి ఏ నక్సలీ పేరు పెడతారో, పక్కన ఏ తుపాకీ పడుకోబెడతారో తెలియదు. ఎక్కడైనా ఆ ఫొటో కనపడితే మీరొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఆయన ట్యాంకు కడగడానికి వచ్చిన మనిషి. చివరికి అడిగింది నీళ్లు.

పేరు మంగు. స్రవంతికి మంగన్న.

దయచేసి మరిచిపోకండి.