సెట్టింగ్స్ పోయిన సాయంత్రం

గద్దకన్ను ఇన్‌స్పెక్టర్ చేతిలో పడ్డ కేసు తేలకుండా పోయిన దాఖలా లేదు. చీమ తుమ్మితే, ఆ జలుబు ఎన్నాళ్ళదో చెప్పగల మనిషి. రిటైరయ్యాక ఓ ఇంటి మేడమీద వాటాలో అద్దెకుంటున్నాడు.

ఆ సాయంత్రం ఆరుంబావు. కిందివాటా తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం పక్కన బట్టల సంచి. జిప్పు వేసి ఉంది.

"ఎవరిది ప్రయాణం?"

"నాదే బాబాయ్ గారూ," అన్నాడు ఆ ఇంటి చిన్నకొడుకు. "ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు వదిన నామీద పడింది. దొంగననిపించుకుని ఈ కప్పు కింద ఉండలేను."

"దొంగన్నానా? తీసినవి పెట్టమన్నాను," లోపల్నుంచి పెద్దకోడలి గొంతు.

పోయినవి నగలు కావు. కంప్యూటర్లో సెట్టింగ్స్ టూల్స్.

ఆ కంప్యూటర్ పెద్దకొడుకుది. పదకొండు నెలల కిందట, రాత్రి డ్యూటీ నుంచి వస్తూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పట్నుంచి అతని భార్య దానిమీదే ఓ ఆస్పత్రికి రిపోర్టులు టైపు చేస్తోంది. పాత సిస్టమ్ మొరాయిస్తోందని మరిది ఇవాళ కొత్త లినక్స్ ఎక్కించాడు. ఇన్‌స్టలేషన్ పూర్తయిందనే తెర చెప్పింది. తీరా చూస్తే ప్రింటర్ కలుపుకునే టూల్ లేదు. కీబోర్డు మార్చుకునేది లేదు. భర్త పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవి అవే.

"పోయిన నెల ఈ మిషన్ నాకిమ్మని అడిగావా, లేదా?"

"అడిగాను. వద్దన్నావు. ఊరుకున్నాను వదినా."

"ఊరుకుని, ఇల్లు నాకొదిలి తాళాలు నువ్వు పట్టుకున్నావు!"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కున్నాడు.

"ఎప్పుడు మొదలెట్టావు?"

"మూడూ నలభైకి. టూల్స్ అన్నీ టిక్ చేసి షాపుకెళ్ళాను. అయిదున్నరకి వచ్చాను."

"నువ్వమ్మా?"

"రోజూ మూడింటికి ఆస్పత్రికి వెళ్తానుగా, కాగితాలకి. ఆరింటికి వచ్చాను."

"ఇంట్లో ఎవరున్నారు?"

"అత్తయ్య ఒక్కరే. ఆవిడకి దాన్ని ఆన్ చేయడమే రాదు."

ముసలావిడ మంచం మీద దుప్పటి మడతపెడుతోంది. తలెత్తలేదు.

ఇక్కడో మాట. గద్దకన్ను గురించి ఇందాక చెప్పింది కాస్త మోతాదు మించింది. ఆయన ముప్ఫయ్యేళ్ళూ రికార్డు రూములోనే గడిపాడు. పట్టుకున్న దొంగ ఒక్కడే. వాడూ అడ్రసు అడగడానికొచ్చి దొరికిపోయాడు. కానీ రిజిస్టరు చేతికిస్తే ఒక్క గీత వదలడు.

"ఈ మిషన్ చేసిన పనికి రిజిస్టరేదీ ఉండదా?"

"లాగ్ ఫైలుంటుంది."

"తియ్యి."

వేలుపెట్టి వరసగా చదివాడు. మూడూ యాభై ఎనిమిది: సిస్టమ్ కాపీ పూర్తి, టూల్స్ డౌన్‌లోడ్ మొదలు. సరిగ్గా నాలుగు: నెట్‌వర్క్ లింక్ తెగింది. కిందనే, టూల్స్ వదిలేసి ముందుకు.

మరిది తెర మీదికి వంగాడు. "అవి నెట్‌లోంచి రావాలి. రాకపోతే దాటేసి పూర్తయిందంటుందా! చూసుకోలేదు."

"కరెంటు పోయిందా?"

"పోతే మిషనే ఆగిపోయేది."

"ఇప్పుడు నెట్ ఉందా?"

"ఉంది."

ఇన్‌స్పెక్టర్ వైరు వెంట నడిచాడు. అది గోడవారన సాగి, ముసలావిడ తలాపున ఉన్న నెట్ బాక్సు దగ్గర ఆగింది. బాక్సు మీద వేలిమందం దుమ్ము. నాలుగు రంధ్రాల్లో మూడింటికి బూజు. నాలుగోది మాత్రం కడిగినట్టుంది. వైరు కొసన ప్లాస్టిక్ నొక్కు విరిగింది. దానికి తెల్లదారం చుట్టి ఉంది.

"రోజూ పీకి పెడితేగానీ ఇంతలా అరగదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అక్కయ్యగారూ, నాలుగింటికి మీరేం చేస్తారు?"

"వైరు తీస్తాను."

"మళ్ళీ?"

"అయిదింటికి పెడతాను. వాడు లేచే వేళ కదా."

మడతపెట్టిన దుప్పటి ఆవిడ పక్కన పెట్టింది.

"రాత్రంతా డ్యూటీ. పగలు ఆ గంటే వాడు కన్నుమూసేది. ఆఫీసువాళ్ళు ఊరుకుంటేనా! వాళ్ళ మెసేజీలకి ఆ కంప్యూటర్ టింగు టింగుమంటూనే ఉండేది. 'అమ్మా, నాలుగింటికి వైరు పీకెయ్, అయిదింటికి పెట్టు' అన్నాడు."

"ఇప్పటికీనా అత్తయ్యా?" అంది కోడలు.

"మానెయ్యమని వాడు చెప్పలేదమ్మా."

కోడలు లేచింది. గుమ్మం దగ్గరి సంచి ఎత్తి మరిది గదిలో పెట్టి వచ్చింది.

"మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలా?" అంది, అతని వంక చూడలేక.

"అక్కర్లేదు వదినా. ఒక్క కమాండ్ చాలు."

ఏడూ పదికి టూల్స్ వచ్చాయి. మర్నాడు నాలుగింటికి ముసలావిడ వైరు జోలికి పోలేదు. కేసు మూసేశారు.

ఆవిడ వైరు జోలికి పోలేదన్నదొక్కటే నేను కల్పించింది. ఆవిడ ఇప్పటికీ తీస్తుంది. మరిది ఆ వైరుకి కొత్త కొస వేశాడు, ముసలి వేళ్ళకి సులువుగా ఊడొచ్చేలా. కోడలు ఆస్పత్రి పని పొద్దుటికి మార్చుకుంది. నాలుగుకి అయిదు నిమిషాలుండగా టైపు చేసింది సేవ్ చేసి, అత్తగారి మంచం పక్కన కూర్చుంటుంది. మేడమీద గద్దకన్ను చెప్పులు విప్పి నడుస్తాడు, అయిదయ్యేదాకా.