జోడి తాడు

మల్లక్క పడిపోయిన చోట మగ వరి ఎర్రబడింది. ఎవరూ మందు కొట్టలేదు. మధులిక ఏడేళ్ల పని ఆ మూరెడు జాగా దగ్గరే చెడడం మొదలైంది.

ఏ జన్యువు ఎప్పుడు మేలుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో మొక్క తనంతట తానే చూసుకుంటుంది. మధులిక ఆ పెత్తనం మొక్క దగ్గర్నుంచి లాక్కుంది. ప్రకృతిలో లేని ఒక ప్రోటీన్‌ను ప్రయోగశాలలో కట్టింది. అది వరిలో ఒక జన్యువును పట్టుకుని కూర్చుంటుంది. మందు తగిలితేనే దాన్ని లేపుతుంది. లేపిన మొక్కలో పుప్పొడి చస్తుంది, గుర్తుకోసం ఆకు బీట్‌రూట్ రంగుకు తిరుగుతుంది. మందు కొట్టిన ఎర్ర సాళ్లు ఆడవి, కొట్టని పచ్చ సాళ్లు మగవి. మగ పుప్పొడి ఆడ కంకుల మీద పడితే సంకర విత్తనం. ఈ పంటలో గింజ పడకపోతే ట్రయల్ మూసేస్తామని కంపెనీ ముందే చెప్పింది.

జమ్మికుంటకు ఆరు కిలోమీటర్ల దూరంలో, కాకతీయ కాలువ కింద, చుట్టూ వల కట్టిన అరెకరం మడి అది. ఏప్రిల్ నెల. పూత పది రోజులుంటుంది. పుప్పొడి పొద్దున పదికి విచ్చుకుని పన్నెండుకల్లా రాలిపోతుంది. ఆ రెండు గంటల్లో ఇద్దరు మనుషులు చెరో ఒడ్డు మీద నిలబడి, పొడుగాటి తాడును కంకుల మీదుగా గుంజుకుంటూ మడి ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. మళ్లీ వెనక్కి రావాలి. తాడు తగిలి మగ కంకులు పుప్పొడి దులుపుకుంటాయి.

తాడు గుంజేవాళ్లు జోడీలుగా ఉంటారు. జోడీలో ఒకరు పోతే తాడును నడిమికి కోసి, సగం పోయినవాళ్లతో చితిలో వేస్తారు.

పూత రెండో రోజున మల్లక్క నీళ్లడిగింది. "ఇంకొక్క పారి తిరుగు, పుప్పొడి పోతది" అంది మధులిక. మల్లక్క తిరిగింది. ఆ ఒడ్డు పక్కనే వరిలో బోర్లా పడింది, మళ్లీ లేవలేదు. ఆమె జోడి సొంత బిడ్డ శ్యామలే. చితి పేర్చాక శ్యామల సగం తాడు అడగడానికి వచ్చింది. మధులిక ఇవ్వలేదు. ఇంకో మడి తాడు తెస్తే బయటి పుప్పొడి వస్తుంది. ట్రయల్ షరతులు ఒప్పుకోవు.

"తాడే కద మేడం," అంది శ్యామల.

"ఉత్త తాడు కాదు, ట్రయల్ రికార్డుల ఎక్కింది. మీ అవ్వకు తాడెందుకు ఇప్పుడు?"

అయిదో రోజుకు కూలీలు మానుకున్నారు. శ్యామల ఒక్కతే వచ్చింది. ఆమెను అవతలి ఒడ్డుకు పొమ్మని చెప్పి, మధులిక ఇవతలి కొస తానే పట్టుకుంది.

అవతలి ఒడ్డు వెంబడి పుప్పొడి బయటికి పోకుండా మనిషెత్తు జీలుగ మొక్కలు దట్టంగా పెంచారు. దాని నీడలో నిలబడ్డ మనిషి ఇటునుంచి కనపడదు. నీడలోకి పోయిన తాడు మాత్రం కనపడుతుంది. ఎండకు మడి మీద గాలి నీళ్లలా వణుకుతోంది. పచ్చి గింజపాల వాసన, బురద వాసన. కాలువ మీద మోటారు ఒకటే రొద.

తాడు బిగిసింది. రెండు కొసలూ ఒకే అడుగున కదిలాయి. మంచి గుంజుడు. శ్యామలకు ఇంత పనితనం ఉందని మధులిక అనుకోలేదు. పసుపుపచ్చని పొడి పొగలా లేచింది.

మూడో పారికి ఆమె ఎరుపు చూసింది. అవతలి ఒడ్డు నుంచి మగ సాళ్లలోకి పాకుతోంది. తాడు పోయిన ప్రతిసారీ ఇంకో జానెడు ఇటు... ఇంకో జానెడు...

వెనక గిన్నె మూత చప్పుడైంది.

మధులిక తిరిగి చూసింది. జీపు నీడలో శ్యామల కూర్చుని సద్ది తింటోంది.

"నువ్విక్కడున్నవేంది?"

"నేను పోలే మేడం. ఆ తాడు పట్టనని పొద్దుగాలనే చెప్పిన కద. మీరు వినలే."

"మరి అటు ఎవరున్నరు?"

శ్యామల చెయ్యి కడుక్కుంది. "మీరే ఆపనియ్యలేదు గద, మా అవ్వ ఎట్ల ఆపుతది?"

తాడు ఒక్కసారి చిన్నగా గుంజుకుంది. ఇంకో పారికి రమ్మన్నట్టు.

మధులిక తాడు వదల్లేదు. గడియారం చూసుకుంది. పదకొండు ఇరవై. ఎరుపు మడి నడుమకు వచ్చేసింది. ఇటువైపుకు కూడా చేరితే పుప్పొడి లేదు, గింజ లేదు, ఏడేళ్లు లేవు. ఆమె బుర్ర భయపడుతూనే లెక్క వేసింది. మల్లక్క ఎవరి మీద కోపంగా ఉంది? ఎవరి మీద ఉండదు?

"శ్యామలా, ఇటు రా. నువ్వు పట్టు. పన్నెండు దాక గుంజు. పన్నెండు కాంగనే తాడు నేనే కోసి సగం నీ చేతిల పెడ్త. ఒట్టు."

"ఒట్టా?"

మధులిక ఒడ్డు మీది కొడవలి అందుకుంది.

"కొడవలి చూడు, నా చేతిలనే ఉంది."

శ్యామల కొస అందుకుంది. మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది, వాళ్ల అవ్వ నేర్పినట్టు. గుంజింది. అవతల తాడు మెత్తబడింది. ఎరుపు ఆగింది. మెల్లగా వెనక్కి పోయింది... ఆకు వెంట ఆకు పచ్చబడుతూ. శ్యామల కళ్లలో నీళ్లు. "అవ్వా, జర నిమ్మళంగ," అంది గుసగుసగా. తాడు నిమ్మళించింది.

పన్నెండయింది. మడంతా పుప్పొడి.

"ఇగ కొయ్యిండ్రి మేడం."

మధులిక కొడవలి ఎత్తింది. పూత ఇంకా అయిదు రోజులుంది. కోయకుండానే దింపింది.

"రేపు చూద్దాం."

మోటారు ఆగిపోయింది. తాడు వీణ తీగలా బిగిసింది. శ్యామల మడిలోకి పడింది. లేచింది. మళ్లీ పడింది. మణికట్టు చుట్లు ఊడడం లేదు.

"కొయ్యిండ్రి... మేడం... కొయ్యి!"

కొడవలికి రెండు మూరల దూరంలో తాడు. మధులిక కదల్లేదు. శ్యామల వరి నడుమ జారిపోయింది. కంకులు ఊగలేదు. ఒక్క మొక్క కూడా వంగలేదు. జీలుగ నీడలోకి... అంతే. కాసేపటికి తాడు తనంతట తానే చుట్టుకుంటూ వచ్చి ఒడ్డు మీద ఆగింది. తడిగా ఉంది.

శ్యామల పనికి రాలేదని మధులిక రిజిస్టర్‌లో రాసింది. తండ్రి సారయ్య రెండుసార్లు వచ్చి అడిగాడు. మూడోసారి అడగలేదు, వల బయట కూర్చుని మడినే చూసి పోయాడు.

మిగతా అయిదు రోజులు ఆమె కూలీలను పిలవలేదు. పదికి తాడు మడి మీద పరిచి, జీపులో అటు తిరిగి కూర్చుంది. పన్నెండుకు తాడు చుట్టి ఉండేది. ఆ పంటలో జిల్లాలో ఎవరికీ పడనంత గింజ పడింది. కంపెనీ ఇంకో మూడేళ్లు పొడిగించింది.

ఇది రెండో ఏప్రిల్. మడి అదే, తాడు అదే. ఒడ్డు మీద రెండు జతల చెప్పులు విడిచి ఉంటాయి, పాతవి, బురదవి. మొన్నటి నుంచి మూడో జత ఉంటోంది. నల్ల తోలువి, ఎడమ దానికి బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది. మధులిక వంగి తన కాళ్లవైపు చూసుకుంది. అవి ఆమె కాళ్లకే ఉన్నాయి.

ఆమె ఆ మూడో జతను కాలువలో పారేసింది. మర్నాడు మళ్లీ ఉన్నాయి. ముందటి రోజుకన్నా ఒక అడుగు మడి వైపు జరిగి.

కొడవలి జీపులోనే ఉంటుంది. పదునుగానే ఉంటుంది. తాడు కొయ్యనని ఆ రోజు అనుకుంది. ఇప్పటికీ కొయ్యలేదు.