బెంచీకి కుడివైపు

"ట్యాబ్ తెర మీద వెలిగే పియానో మెట్లు చూసి వాయించడం సంగీతం కాదు. సిగ్నల్ చూసి బండి నడపడం," అంది పియానో టీచరు.

"సిగ్నల్ చూడనివాళ్ళ వల్లే కదండీ యాక్సిడెంట్లు!" అన్నాడు ట్యూనరు, పియానో లోపలి నుంచి తల బయటికి తీయకుండానే.

మూడు వారాల కిందటి తొలి సంభాషణ అది. ఆ సంగీత పాఠశాలలోని పదకొండు పియానోలనూ శ్రుతి చేసేవాడు అతడే. ఏ తీగ వెంట్రుకవాసి జారినా అతని చెవికి దొరికిపోతుంది. స్వరలిపి మాత్రం చదవలేడు. చదవలేనివాడికి సంగీతం తెలియదని తీర్మానించడం చదువుకున్నవారికి మాత్రమే సాధ్యమైన అజ్ఞానం. ప్రిన్సిపాల్ అందులో నిష్ణాతుడు.

పాఠశాల వార్షికోత్సవానికి టీచరు కూర్చిన రచనను ఒకే పియానో మీద ఇద్దరు వాయించాలి. ఆమెకు జోడీగా కూర్చోవలసిన సహోద్యోగిని ఉద్యోగం మానేసింది.

"శుక్రవారం రిహార్సల్‌కి ఎవరూ దొరక్కపోతే మీ ఐటమ్ తీసేస్తా," అన్నాడు ప్రిన్సిపాల్.

"నేను నేర్చుకుంటానండీ," అన్నాడు ట్యూనరు.

"స్క్రూలు బిగించడం వేరయ్యా, స్టేజీ ఎక్కడం వేరు!" అని నవ్వాడు ప్రిన్సిపాల్.

ఆ నవ్వుకు టీచరుకు ఒళ్ళు మండింది. తాను వెక్కిరించిన ఆ తెరలోకే తన రచనను ఎక్కించి ఇచ్చింది. పైన స్వరలిపి కదులుతూ ఉంటే, కింద బొమ్మ కీబోర్డు మీద మెట్లు రెండు రంగుల్లో వెలుగుతాయి.

"నీలం మీది. పసుపు నాది."

శుక్రవారం ఆమె వచ్చేసరికి అతడు బెంచీకి కుడివైపు కూర్చుని ఉన్నాడు.

"అది నా చోటు."

"నీలం ఇటువైపేగా వెలిగింది?"

ఆమె అతని ట్యాబ్ అందుకుని చూసింది. తన కంప్యూటర్లోని రంగులు అతని తెర మీద తారుమారయ్యాయి.

"నేను రోజూ వాయించేది ఇదేనని తెలియలేదా?"

"తెలిసిందండీ. మీరే పెద్దమనసుతో నాకిచ్చేశారనుకున్నా."

ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నాడు. "అయితే తీసేద్దామా?"

"అక్కర్లేదు," అని ఆమె ఎడమవైపు కూర్చుంది. తాను రాసినదే కనుక ఆ భాగమూ ఆమెకు వచ్చు.

అతని వేళ్ళు ఒక్క స్వరమూ తప్పలేదు. చివరి వరుసకు ముందు మాత్రం, తెర ముందుకు సాగిపోతున్నా, అతడు ఒక్క క్షణం ఆగాడు. ఆమె వేళ్ళూ సరిగ్గా అక్కడే ఆగాయి.

"ప్రోగ్రాంలో ఉంచండి," అని ప్రిన్సిపాల్ గోడవంక చూస్తూ వెళ్ళిపోయాడు. క్షమాపణ ఆయనకు పలకని స్వరం.

"అక్కడ ఆగమని నేను రాయలేదు. తెర చెప్పిందా?" అని అడిగింది టీచరు.

"లేదండీ. మీరెప్పుడూ అక్కడ ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆగుతారు. పక్కగదిలో పియానో శ్రుతి చేస్తూ రోజూ విన్నాను."

"ఆ పియానో రోజూ శ్రుతి తప్పేదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్కరోజూ తప్పలేదండీ."

ఆమె మెట్లవంక చూస్తూ అంది:

"రేపు కూడా ఒకసారి చూడండి. తప్పిందేమో."