మాస్టారింట్లో మాట

పొద్దున ఏడయ్యేసరికి వేంకటేశ్వర్లు మాస్టారి వరండా ట్యూషన్ పిల్లలతో నిండిపోయేది. ఇంగ్లీషు గ్రామర్ చెప్పాలంటే గుడివాడలో ఆయన తర్వాతే ఎవరైనా. పిల్లలు రాసినా మాట్లాడినా తప్పు దొర్లితే చాలు, వేలెత్తి "మళ్లీ మొదట్నుంచి" అనేవారు. కూతురు సుహాసిని తనతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఆమె ఆరో ఏటే నియమం పెట్టారు. అన్నం ముందు కూర్చున్నా ఆ వేలు లేస్తూనే ఉండేది.

ఆ రోజు బందరు నుంచి పాత శిష్యుడు మధుసూదనరావు ఫోన్ చేశాడు. "రాతపరీక్షలో మన సుహాసినే ఫస్టండీ. ఇంటర్వ్యూలో మాత్రం అమ్మాయి నోరే విప్పలేదట. టీచరు పోస్టు వేరేవాళ్లకిచ్చేశారండీ."

మాస్టారు పిల్లల్ని పంపేసి కూతుర్ని పిలిచారు.

"నా పరువు తీశావు కదే! సోమవారం ఇక్కడి స్కూలు ఇంటర్వ్యూలోనూ ఇలాగే మూగదానిలా నిలబడతావా?"

"నేను వెళ్లను నాన్నగారూ." సుహాసిని తెలుగులో అంది. "మీ ఊరి గురించి ఇంగ్లీషులో చెప్పమన్నారు, అంతే. నోరు తెరవబోతే ఎదురుగా మీరే కూర్చున్నట్టనిపించింది."

"తప్పులు దిద్దడం నా తప్పా?"

వంటింట్లోంచి మాస్టారి భార్య అమ్మాజీ విసురుగా వచ్చింది. "దాని పదకొండో ఏట నేను మోపిదేవిలో మా అమ్మ దగ్గరున్నప్పుడు ఇది కడుపునొప్పిని రెండు రోజులు ఓర్చుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎంత ఓర్పో అంటే మీరు మురిసిపోయారు. ఓర్పు కాదండీ! నొప్పని మీకు ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పడం చేతకాక ఊరుకుంది. తర్వాత నాకు మాత్రం చెప్పి, మీతో అనొద్దని ఒట్టేయించుకుంది."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆ ఓర్పు గురించి ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నారో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయారు.

"కడుపునొప్పొచ్చిన ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావమ్మా? ఇప్పుడు చెప్పు. ఎలా వస్తే అలా చెప్పు."

సుహాసిని ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. మాటమాటకీ తడబడింది, తప్పులు పోయింది. మాస్టారు అడ్డు రాలేదు. ఆయనకి తప్పులు వినబడటం లేదు, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న పసిపిల్ల కనబడుతోంది. సగంలో ఆమె తెలుగులోకి వచ్చేసింది.

"మీ గది దాకా మూడుసార్లు వచ్చాను నాన్నా. మీరు పేపర్లు దిద్దుకుంటున్నారు. వెనక్కెళ్లిపోయాను."

మాస్టారికి దుఃఖం ఆగలేదు. కూతురి చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "సోమవారం నేనూ వస్తానమ్మా, బయట కూర్చుంటాను" అన్నారు.

"వద్దు నాన్నా," అంది సుహాసిని మెల్లగా. "నేనొక్కదాన్నే వెళ్తాను. వచ్చాక అంతా మీకు చెప్తాను."