సోడా చిప్ప

ఆ మధ్యాహ్నం కొర్రమీను పులుసు గిన్నె జిడ్డు బూడిదకి వదల్లేదు. ఎలిజబెత్ పెరటి గోడలోని గూడు తెరిచి, కొబ్బరి చిప్పలో ఉన్న చాకలి సోడా తీసింది.

అంట్లు తోమే సామానంతా ఆ గూట్లోనే ఉండాలి. బూడిద, పీచు, సోడా అన్నీ పని అయిపోగానే అందులో పెట్టి చెక్క తలుపు గడియ వెయ్యాలి. వాటిలో ఒక్కటి కూడా వంటింట్లో కనబడకూడదు. నాలుగేళ్ళ తమ్ముడు ఏలీయా పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో అదే పద్ధతి.

గిన్నెలు కడగడం అయ్యేసరికి వీధిలోంచి స్నేహితురాలు తులసి కేక వేసింది.

"ఎలిజబెత్! కొల్లేటికోట నుంచి పడవొచ్చిందే! తామరకాయలు తెచ్చారు, రా!"

ఎలిజబెత్ గిన్నెలతోపాటు సోడా చిప్పను కూడా వంటింట్లోకి తీసుకెళ్ళి, ఉప్పు చిప్ప పక్కన పెట్టేసింది. మళ్ళీ వచ్చి సర్దుదామనుకుంది. చెయ్యి తుడుచుకుంటూనే పరుగెత్తింది.

ఆమె తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. మామ్మ మార్తమ్మ ఏలీయాకి చోళ్ళ జావ పడుతోంది. మామ్మకి చూపు మందగించి రెండేళ్ళయింది. అయినా ఉప్పూ కారం చేతి అలవాటుతోనే తీసుకుని వంట చేసేది.

ఒక్క గుక్క తాగాడో లేదో, ఏలీయా కెవ్వుమని ఏడ్చాడు. జావంతా ఉమ్మేశాడు. పెదవులు ఎర్రబడి వాచాయి.

తండ్రి రాజరత్నం మాస్టారు వాడిని ఎత్తుకుని కాంపౌండరు వీరాస్వామి గారింటికి పరుగు తీశాడు. కాంపౌండరు పిల్లాడి నోరు చాలాసేపు నీళ్ళతో కడిగాడు.

"మింగింది తక్కువేనండి, మాస్టారూ. నోరు పొక్కుతుంది. నాలుగు రోజులు చల్లారిన పాలు, మెత్తటి అన్నం పెట్టండి. ఇంకో గుక్క తాగుంటే ఏలూరు తీసుకెళ్ళాల్సి వచ్చేదండి."

ఇంటికొచ్చాక మాస్టారు వంటింట్లోని రెండు చిప్పలూ చూశాడు.

"సోడా ఇక్కడికెలా వచ్చింది?"

ఎలిజబెత్ చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో మామ్మే మాట్లాడింది.

"నేనే తెచ్చుంటాను నాయనా. పొద్దున నా చెంబు తోముకున్నాను కదా. ఇక్కడ పెట్టినట్టే గుర్తులేదు. కళ్ళు ఎలాగూ పోయాయి, ఇప్పుడు జ్ఞాపకమూ పోయింది. ఇక నేను పొయ్యి దగ్గరికి రాను."

ఎలిజబెత్ తెరిచిన నోరు మూసుకుంది.

మర్నాటి నుంచి తల్లి పాపమ్మే వంటంతా చేసింది. మామ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునేది. ఎవరినైనా ఏదైనా అడిగితే వెంటనే, "ఇది నేను ముందే అడిగానా?" అని భయంభయంగా అడిగేది. మూడో రోజు ఏలీయా పాలగిన్నె పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"మామ్మా, నువ్వు పట్టు."

మామ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దు బాబూ. అమ్మ దగ్గరికెళ్ళు."

ఎలిజబెత్ ఇక ఆగలేకపోయింది. మామ్మ పక్కన కూలబడింది.

"మామ్మా, సోడా నువ్వు తేలేదు. నేనే పెట్టాను. పడవ చూడ్డానికి పరుగెత్తాను. నువ్వు నీ మీద వేసుకుంటుంటే ఊరుకున్నాను."

మామ్మ ఆమె వైపు మొహం తిప్పింది.

"మూడు రోజులుగా నాకు మతి పోతోందనుకున్నానే," అంది. "రాత్రి పడుకోబోతూ మీ అందరి పేర్లూ లెక్కపెట్టుకుంటున్నాను, మరిచిపోలేదు కదా అని."

ఎలిజబెత్ ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. మామ్మ తల నిమరలేదు, తోసెయ్యనూ లేదు.

"వెళ్ళు. మీ నాన్నకి నువ్వే చెప్పు."

మాస్టారు కేకలెయ్యలేదు. "ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఎలిజబెత్ వంటింట్లోకి వెళ్ళింది. గట్టు మీద సామానంతా దించి తుడిచింది. గూట్లోని సోడాని పాత టిన్నులో పోసి మూత బిగించి, తిరిగి అక్కడే పెట్టి గడియ వేసింది. చిప్పని పగలగొట్టి పొయ్యిలో పెట్టింది. తర్వాత అరుగు మీదికి వెళ్ళి మామ్మ చెయ్యి పట్టుకుంది.

"రా మామ్మా. తమ్ముడికి ఆకలేస్తోంది."

మామ్మ మెల్లగా లేచింది. అన్నం వండి, మెత్తగా పిసికి, పాలు కలిపింది. ఏలీయా గిన్నె వంక చూసి పెదవులు బిగించాడు.

ఎలిజబెత్ వాడి ముందు కూర్చుని, "ముందు నాకు పెట్టు మామ్మా," అంది.

మామ్మ చేతి ముద్ద నమిలి మింగింది. ఏలీయా అక్క మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. కొంచెం సేపటికి వాడూ నోరు తెరిచాడు.