మూతపడ్డ జీడిబట్టీలో మంట

పలాస చుట్టుపక్కల మూతపడ్డ జీడిబట్టీ ఒకటుంది. ఎక్కడో మాత్రం చెప్పను. చీకటి పడితే అటు కుక్క కూడా పోదంటారు. లోపల కొరివి దెయ్యం ఉందట — నీలం మంట చిమ్ముతుందట. చూసినవాళ్లు లేరు గానీ, చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు.

చూసింది రత్నాలమ్మ ఒక్కతే. తనే నాకు చెప్పింది. పేర్లు మార్చి మీకు చెబుతున్నాను.

ఆమెది ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసే పని. ఆ రాత్రి పని తెమిలేసరికి తొమ్మిది దాటింది. ఆటో ఎక్కితే సగం కూలి దానికే పోతుంది. దేవుడా అనుకుని బట్టీ పక్క అడ్డదారి పట్టింది.

ముందు వాసన తగిలింది — గొంతు పట్టేసే ఘాటు పొగ. తర్వాత గోడ కంతలోంచి మంట... చిటపటమని నీలంగా చిమ్మి, తగ్గి, మళ్లీ చిమ్మింది.

మంట పక్కన తెల్లగా ఒక ఆకారం ఊగుతోంది... దానికి తల లేదు.

ఏడుపొచ్చింది. కానీ ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్న ముక్కు కదా... ఇది జీడితొక్కల పొగ. తొక్కలో నూనెకి మంట అలాగే చిమ్ముతుంది. పలాసలో పుట్టి, జీడితొక్కల పొయ్యిని కొరివి దెయ్యం అనుకున్నాం. మన తెలివి తెల్లారినట్టే ఉంది.

కంతలోకి తొంగి చూసింది. ఊగేది తీగ మీద ఆరేసిన చొక్కా. పొయ్యి ముందు బనీనుతో గంజి కాచుకుంటున్నది జానకిరామ్ — వాళ్ల ఫ్యాక్టరీ గుమస్తా. పగలు అదే చొక్కా ఇస్త్రీ నలక్కుండా వేసుకుని, పప్పు విరిగిందని ఆడవాళ్లను కసిరే మనిషి.

"సారూ... మీరేటి, ఇక్కడ?"

ఆయన గబగబా తీగ మీది చొక్కా లాక్కుని తొడుక్కున్నాడు.

"మా ఆవిడకి కిడ్నీలు పోనాయి రత్నాలమ్మా. సోంపేటలో పుట్టింట్లో ఉంది. నా జీతం ఆ మందులకే సాలట్లేదు... ఇంక అద్దిల్లెక్కడ?" గొంతు ఇంకా తగ్గించాడు. "దెయ్యం మాట నేనే పుట్టించాను. ఎవులికీ సెప్పకమ్మా. తెలిత్తే తరిమెత్తారు."

మర్నాడు పొట్టు తీస్తూ పక్కామె అడిగింది. "రాత్రి అటేపు ఎల్లావట... ఏటైనా సూసినావా?"

"సూసినాను. తల లేదు," అంది రత్నాలమ్మ. "అటు ఎల్లకండి."

తూకం దగ్గర జానకిరామ్ కళ్లెత్తలేదు.

ఇప్పటికీ ఆలస్యమైతే ఆమె ఆ దారినే వస్తుంది, ఒక్కతే. లోపల్నుంచి దగ్గు వినిపిస్తుంది. గోడకివతల ఆగుతుంది... తిన్నారా సారూ అని ఒక్క మాట అడగాలనిపిస్తుంది. అడగదు. ఆ మాట ఎవరి చెవిన పడినా ఆ మనిషికి నిలువ నీడ పోతుంది.